డిశ్చార్జికీ పింఛనుకూ మధ్య ఆ ఆర్నెల్లు

మా ఓపీలో తరచూ కనిపించే దృశ్యమిది. నిడమనూరు వైపు నుంచో, హాలియా వైపు నుంచో ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుని వస్తుంది. ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకుని పేషెంటును దించుతారు. భార్య ప్లాస్టిక్ కవరులోంచి సీటీ స్కాన్, డిశ్చార్జి కాగితం తీసి బల్ల మీద పెడుతుంది. ‘‘పక్షవాతం వచ్చి రెండు నెలలైంది సారూ. చెయ్యి లేస్తలేదు. నరాలకు బలమొచ్చే సూదులేమన్నా రాయండి’’ అంటుంది.

నేను ముందు డిశ్చార్జి కాగితం చివరి లైన్లు చూస్తాను. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా మాత్ర రాసి ఉంటాయి. పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, ఎన్నాళ్లు అన్నది స్పష్టంగా ఉంటుంది. వాటి కింద ఒకే ఒక్క మాట: ఫిజియోథెరపీ. ఏ కండరానికి, రోజుకు ఎన్నిసార్లు, ఎంత బరువుతో, ఎవరి దగ్గర? ఇవేవీ ఉండవు. ఇలాంటి కాగితాలు నేనూ రాశాను. అందుకే ఈ వ్యాసం.

ఇక ఇంకో రకం పేషెంటు. తాటిచెట్టు మీద మోకు జారి పడ్డ గీత కార్మికుడు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల డాక్టర్లకు వీళ్లు కొత్త కాదు. ప్రభుత్వం 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మంచి పని. చెట్టు మీంచి పడకుండా చూడటానికి మించిన వైద్యం లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. దివ్యాంగుల పింఛను అదే ఏడాది 3,016 నుంచి 4,016 రూపాయలైంది. సూర్యాపేటలో, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి.

అంటే పడకుండా కిట్టు ఉంది. పడితే ఆపరేషనుకు సాయం ఉంది. ఇక లేవలేడని తేలితే పింఛను ఉంది. పడ్డ మనిషి మళ్లీ లేవడానికి పట్టే ఆర్నెల్ల సంగతి మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు. కండరం బతుకుతుందా, కరిగిపోతుందా అన్నది తేలేది ఆ ఆర్నెల్లలోనే.

స్టార్టర్, కేబుల్, మోటారు

ఎడమ కాలువ కింద సేద్యం చేసే రైతులకు నేనిలా చెబుతుంటాను. మెదడు స్టార్టర్ డబ్బా అనుకోండి. వెన్నుపాము అక్కణ్నుంచి పోయే కేబుల్. కండరం బావి దగ్గరి మోటారు. పక్షవాతంలో చెడిపోయింది స్టార్టర్. చెట్టు మీంచి పడ్డప్పుడో, బైకు ప్రమాదంలోనో దెబ్బతిన్నది కేబుల్. రెండు చోట్లా మోటారు బాగానే ఉంది. కానీ నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే మంచి మోటారు కూడా పట్టేస్తుంది. తర్వాత కరెంటు వచ్చినా తిరగదు.

మంచం పట్టిన మనిషిలో కండరం కరగడం రోజుల్లోనే మొదలవుతుంది. పక్షవాతం వచ్చిన వైపే కాదు, బాగున్న వైపు కూడా బలం తగ్గుతుంది. కాబట్టి రెండు నెలల తర్వాత మనం చూసే బలహీనతలో కొంత జబ్బు తెచ్చింది, కొంత మంచం తెచ్చింది. జబ్బు తెచ్చినదానిలో ఎంత తిరిగొస్తుందో ముందుగా చెప్పడం కష్టం. మంచం తెచ్చినదాన్ని మాత్రం చాలావరకు ఆపొచ్చు, పోయినా తిరిగి తెచ్చుకోవచ్చు.

మెదడుకు మరో గుణం ఉంది. చనిపోయిన భాగం తిరిగి రాదు గానీ, చుట్టుపక్కల భాగాలు ఆ పనిని నేర్చుకోగలవు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దినట్టే, ఒకే పనిని వందలసార్లు చేస్తేనే ఆ నేర్పు వస్తుంది. మొదటి మూడు నెలల్లో ఈ కోలుకోవడం వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. అమెరికాలో 222 మందిపై జరిగిన ‘ఎక్సైట్’ అధ్యయనం 2006లో వెలువడింది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవారిని తీసుకున్నారు. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే రెండు వారాలు పనులు చేయించారు. ఆ చేయి మెరుగుపడింది. ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. మణికట్టు, వేళ్లు కాస్తయినా పైకి కదిలేవారికే ఈ పద్ధతి పనికొస్తుంది. అయినా ‘మూడు నెలలు దాటాయి, ఇంతే’ అని చేతులు దులుపుకోకూడదనడానికి ఇదే రుజువు.

సూది మందు కోసం అడిగిన ఆ అమ్మకు ఏం చెప్పాలి? కండరానికి బలం తెచ్చే సూది లేదు. ఫ్లూయాక్సెటిన్ అనే మందు కోలుకోవడానికి పనికొస్తుందని ఒకప్పుడు ఆశపడ్డారు. బ్రిటన్‌లో 3,127 మందిపై జరిగిన ‘ఫోకస్’ అధ్యయనం 2018లో ఆ ఆశను తేల్చేసింది. దిగులు కొంత తగ్గింది గానీ, పనులు చేసుకునే శక్తి పెరగలేదు. పైగా ఎముకలు విరగడం పెరిగింది. తైలం మర్దన సంగతీ అంతే. ఒంటికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ మర్దనతో బలపడేది చేసేవాడి చేతులే, చేయించుకునేవాడివి కావు.

బరువు పెడితే బిగుసుకుపోతుందా?

ఈ భయం పేషెంట్లలోనే కాదు, కొందరు వైద్య సిబ్బందిలో కూడా ఉంది. పక్షవాతం వచ్చిన చేయి, కాలు కొన్ని వారాలకు బిగుసుకుంటాయి. అప్పుడు బరువులతో వ్యాయామం చేయిస్తే ఆ బిగువు ఇంకా పెరుగుతుందని దశాబ్దాల పాటు ఫిజియోథెరపీలోనే నేర్పారు. ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూర్చి 2006లో లెక్క చూశారు. బలం పెంచే వ్యాయామాలతో బలం పెరిగింది, పనులు చేసుకోవడం కొంత మెరుగైంది, బిగువు మాత్రం పెరగలేదు.

అలాగని మొదటి రోజే తొందరపడకూడదు. 5 దేశాల్లో 2,104 మందిపై జరిగిన ‘అవర్ట్’ అధ్యయనం 2015లో ఒక హెచ్చరిక చేసింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే పేషెంటును పదేపదే లేపి, ఎక్కువసేపు తిప్పినవారిలో ఫలితం కాస్త తగ్గింది. మొదటి రోజు డాక్టరు చెప్పినంతే కదలాలి. తర్వాత మెల్లగా మొదలుపెట్టాలి, వారం వారం పెంచుతూ పోవాలి. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి రివర్సు. మొదటి వారం హడావుడి, రెండో నెలకు మంచం.

సున్నా నుంచి ఐదు దాకా

కండరం బలాన్ని డాక్టర్లు 0 నుంచి 5 వరకు కొలుస్తారు. ఈ అంకె మీకు తెలిస్తే ఏం చేయాలో సగం తెలిసినట్టే. కదలికే లేకపోతే 0. కండరం అదిరినట్టు కనిపించి, కీలు కదలకపోతే 1. పక్క మీద జరపగలిగి, పైకి ఎత్తలేకపోతే 2. ఎత్తగలిగితే 3. ఎత్తి, మనం కొద్దిగా ఆపినా నిలబెడితే 4. మామూలు బలం 5.

0, 1 దగ్గర ఉన్నవారికి బరువులు కుదరవు. కీళ్లు పట్టేయకుండా ఇంటివాళ్లే మెల్లగా కదపాలి. కదిపేటప్పుడు పేషెంటు ‘నేనే ఎత్తుతున్నా’ అని మనసులో గట్టిగా ప్రయత్నించాలి. ఈ దశలో ఫిజియోథెరపిస్టు విద్యుత్ ప్రేరణ యంత్రం వాడితే కొంత లాభం ఉంటుంది. 2 దగ్గర చేయిని నున్నటి బల్ల మీద పౌడరు చల్లి జరిపించాలి. కాలిని పక్క మీద మడిచి చాపించాలి. 3కు చేరితే పైకి ఎత్తే వ్యాయామాలు. 4కు చేరితే బరువు. దానికి జిమ్ అక్కర్లేదు. అర లీటరు నీళ్ల సీసా అంటే అర కిలో. కిలో ఉప్పు ప్యాకెట్టును గుడ్డలో చుట్టి మడమ దగ్గర కట్టొచ్చు.

ఎంత చేయాలి? అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన ప్రకారం ఒక్కో వ్యాయామం 10 నుంచి 15 సార్లు, అలా 1 నుంచి 3 విడతలు, వారానికి 2, 3 రోజులు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నెల రోజుల క్రితం మొదలుపెట్టిన అర కిలో దగ్గరే ఆగిపోతారు. 15 సార్లు సులువుగా ఎత్తగలుగుతున్నారంటే ఆ బరువు ఇక చాలదు. చివరి రెండు, మూడు సార్లు కష్టంగా అనిపించాలి. కష్టం లేకపోతే బలం రాదు. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. బీపీ అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు బరువులు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

అన్నింటికంటే నేను ఎక్కువగా చెప్పేది కుర్చీలోంచి లేవడం. గోడకు ఆనించిన చేతుల కుర్చీ తీసుకోండి. మొదట రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి. పాదాలు వెనక్కి లాగి, ముందుకు వంగి, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి లేవాలి. పక్కన ఒకరు నిలబడాలి. 5 సార్లతో మొదలుపెట్టి, రోజులో నాలుగైదు దఫాలు చేయాలి. 10 సార్లు వచ్చాక ఒక దిండు తీసేయాలి. తర్వాత రెండోది. తొడ, పిరుదు కండరాలు బలపడటంతో పాటు బాత్రూముకు వెళ్లే పని కూడా నేర్చుకున్నట్టవుతుంది. ఒట్టి బలం ఉంటే సరిపోదు, ఆ బలంతో చేసే పనిని కూడా సాధన చేయాలి.

చెట్టు మీంచి పడినవారికి లెక్క వేరు

‘‘రాడ్లు, స్క్రూలు వేశారు కదా, మరి నడవడేం?’’ అని అడుగుతారు. ఆపరేషన్ వెన్నెముకను నిలబెడుతుంది, వెన్నుపాము మీద ఒత్తిడి తీస్తుంది. తెగిన తీగలను అతికించదు. కాబట్టి కుటుంబం మొదట తెలుసుకోవాల్సింది దెబ్బ పూర్తిగా తగిలిందా, కొంత మిగిలిందా అని. మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, బిగించగలుగుతున్నారా అన్నది పరీక్షించి డాక్టరు ఇది చెప్పగలరు. అడగడానికి మొహమాటపడొద్దు.

కొంత మిగిలితే దెబ్బ కింది కండరాలకు కూడా పైన చెప్పిన లెక్కే. పూర్తిగా తెగితే ఆ కింది కండరాలు వ్యాయామంతో బలపడవు. కాళ్లు లేపిస్తామని చెప్పి డబ్బు గుంజేవారి మాట నమ్మొద్దు. కానీ దెబ్బకు పైనున్న భుజాలు, చేతులు, వీపు ఇకమీద రెండు పనులు చేయాలి. చేతుల పనితో పాటు కాళ్ల పని కూడా. మంచం నుంచి చక్రాల కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకు సొంతంగా మారగలిగితే ఆ ఇంట్లో ఇంకో మనిషి పనికి వెళ్లగలుగుతాడు. 2018లో వెలువడిన అంతర్జాతీయ సూచనల ప్రకారం వెన్నుపాము దెబ్బతిన్నవారు పనిచేస్తున్న ప్రధాన కండరాలకు వారానికి 2 రోజులు, 3 విడతల చొప్పున బలం పెంచే వ్యాయామం చేయాలి. దాంతో పాటు వారానికి రెండుసార్లు 20 నిమిషాలైనా ఆయాసం వచ్చే వ్యాయామం ఉండాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మాన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల వార్డు తెరిచారు. అంతకుముందు అలాంటివారు పుండ్లతో, మూత్ర ఇన్ఫెక్షన్లతో కొద్దికాలంలోనే చనిపోయేవారు. ఆయన వేళకు పక్క మార్పించారు, చేతులకు పని పెట్టారు. 1948లో 16 మందితో విలువిద్య పోటీ పెట్టించారు. నేటి పారాలింపిక్స్‌కు అదే నాంది.

మా నల్లగొండ జిల్లాలో పడకుండానే కేబుల్ దెబ్బతిన్నవారు కూడా ఉన్నారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వెన్నెముక ఎముకలు మందమై వెన్నుపామును నొక్కుతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి.రాజారెడ్డి దీనిపై విస్తృతంగా అధ్యయనం చేశారు. కాళ్లు మెల్లమెల్లగా బిగుసుకుపోతుంటే వయసు అనుకుని ఊరుకోకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఇంటివాళ్లే చేయిస్తే సరిపోదా?

నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. మన దగ్గర ఫిజియోథెరపిస్టులు తక్కువ, కుటుంబాలు పెద్దవి. భార్యకో, కొడుకుకో వార్డులోనే నేర్పి పంపిస్తే చాలు కదా? ఈ ప్రశ్నకు జవాబు కోసం మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పేషెంట్లపై ‘అటెండ్’ అనే అధ్యయనం జరిగింది. సగం మంది కుటుంబాలకు వ్యాయామాలు నేర్పి పంపారు, మిగతా సగానికి మామూలు వైద్యం. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ఇది: ఆర్నెల్లకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు రెండు వైపులా 47 శాతమే. తేడా లేదు.

ఈ ఫలితాన్ని చూసి వ్యాయామం దండగ అనుకోవద్దు. నాకు అర్థమైంది వేరు. కొద్దిరోజులు నేర్పి ఇంటికి పంపి, బాధ్యతంతా కుటుంబం మీద వేస్తే సరిపోదు. బరువు ఎప్పుడు పెంచాలో, ఏ వ్యాయామం ఆపాలో చూసే శిక్షణ పొందిన కన్ను పదేపదే రావాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే ‘నైస్’ సంస్థ 2023లో పక్షవాతం పేషెంట్లకు రోజుకు కనీసం 3 గంటలు, వారానికి 5 రోజులు పునరావాస చికిత్స ఇవ్వాలంది. మన డిశ్చార్జి కాగితం మీద ఒక్క మాట, అక్కడ వారానికి 15 గంటలు. ఆ తేడా ముందు భార్యదో కొడుకుదో లోపం అనడం అన్యాయం.

నిడమనూరు మండలంలో ఉండే మనిషి వారానికి మూడుసార్లు మిర్యాలగూడకో నల్లగొండకో రావాలంటే ఆటో ఖర్చుతో పాటు తోడొచ్చే మనిషి కూలీ కూడా పోతుంది. మూడో వారానికి మానేస్తారు. డబ్బున్న ఇళ్లలో కష్టం ఇంకో రకం. అమ్మానాన్న ఊళ్లో, పిల్లలు హైదరాబాద్‌లో. డబ్బు పంపగలరు, పక్కన నిలబడి పది లెక్కపెట్టలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2023 మేలో ఒక తీర్మానం చేశాయి. పునరావాస చికిత్స అదనపు సౌకర్యం కాదు, ప్రాథమిక వైద్యంలో భాగం కావాలన్నది దాని సారాంశం. దీన్ని మన దగ్గరికి తెచ్చుకుంటే నాకు తోచేవి ఇవి. డిశ్చార్జి కాగితం మీద మాత్రల్లాగే వ్యాయామానికీ మోతాదు రాయాలి. ఇది మా డాక్టర్ల చేతిలో పని, జీవో అక్కర్లేదు. మండల కేంద్రంలో వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు కూర్చునే ఏర్పాటు ఉండాలి. ఆపరేషనుకు లక్షలిచ్చే పథకం, ఆ తర్వాతి మూడు నెలల ఫిజియోథెరపీకి కొన్ని వేలు ఇస్తే పెట్టిన లక్షలకు ఫలితం దక్కుతుంది. కాటమయ్య కిట్టు వెనుక ఉన్న ఆలోచన, పడ్డవారి దాకా కూడా రావాలి.

మీ ఇంట్లో ఈ పరిస్థితి వస్తే

ఇవన్నీ జరిగేదాకా ఆగలేం కాబట్టి, డిశ్చార్జి రోజునే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ కండరం బలం ఎంత? రోజూ చేయాల్సిన వ్యాయామాలేవి, ఎన్నిసార్లు? ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి? మళ్లీ ఎప్పుడు చూసి మార్చాలి? ఫిజియోథెరపిస్టు చేయించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఇంటికొచ్చేవారు బీపీటీ చదివారో లేదో అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే డిశ్చార్జి తర్వాతి ఖర్చులు ఎన్ని రోజులు ఇస్తారో, అందులో డాక్టరు రాసిన ఫిజియోథెరపీ ఉందో లేదో చూసుకోండి. ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రం, ఇంటికొచ్చే ‘ఆలన’ బృందం మీ పరిధిలో ఉన్నాయేమో మీ పీహెచ్‌సీలో, ఆశ కార్యకర్త దగ్గర కనుక్కోండి.

కొన్ని పనులు మాత్రం వద్దు. బలహీనమైన చేయి పట్టుకుని, చంకలో చేయి వేసి లేపొద్దు. భుజం కీలు జారి నెలల తరబడి నొప్పి ఉంటుంది. నడుము దగ్గర పట్టుకోండి. ఇసుక మూటతో, వేడినీళ్ల సంచితో కాపడం పెట్టొద్దు, స్పర్శ లేనిచోట చర్మం కాలినా తెలియదు. ఒక కాలు హఠాత్తుగా వాస్తే మర్దన చేయొద్దు. లోపల గడ్డకట్టిన రక్తం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి రండి. పడుకున్నవారిని 2 గంటలకోసారి పక్క మార్చాలి, ఎందుకంటే పుండు పడితే వ్యాయామం ఆగిపోతుంది. ఛాతీ పైభాగంలో గానీ, మెడలో గానీ వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, ముఖానికి చెమట వస్తే వెంటనే కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

సూది అడిగిన ఆ అమ్మకు నేను సూది రాయలేదు. కాగితం మీద గళ్లు గీసి ఇచ్చాను. తేదీ, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడు, సీసా ఎన్నిసార్లు ఎత్తాడు. ‘‘ఇది నింపుకుని రెండు వారాలకు రామ్మా, మందు చీటీ కంటే ముందు ఇదే చూస్తా’’ అన్నాను. రెండు వారాలకు వచ్చింది. మొదటి గడిలో 3 ఉంది, చివరి గడిలో 11. చెయ్యి ఇంకా లేవలేదు. బాత్రూముకు మాత్రం ఇప్పుడు ఇద్దరు పట్టుకోవాల్సిన పని లేదట, ఒక్కరు పక్కనుంటే చాలట.